రెఫర్ చేసిన మూడు తేదీలు, ఒక అబద్ధపు నోటు: జైలు డాక్టరమ్మ ఉత్తరానికి జవాబు

ఈసారి ఉత్తరం ఒక డాక్టరమ్మ రాశారు. పేరు వద్దన్నారు, కడప వైపు అని మాత్రం చెప్పుకోవచ్చన్నారు. ఉత్తరం పెద్దది, కుదించి చెబుతున్నాను. మనుషుల్ని గుర్తుపట్టే వివరాలు కొన్ని మార్చాను.

ఆమెకు 29 ఏళ్ళు, ప్రభుత్వ డాక్టరు. పది నెలల కిందట డిప్యుటేషన్ మీద ఒక జైలుకు వేశారు. మొదట్లో గేటు దాటాలంటేనే భయమేసేదట, తర్వాత అలవాటైంది. అక్కడ ఆమె ఒక్కరే డాక్టరు, ఒక ఫార్మసిస్టు, ఒక మేల్ నర్సు. మే నెలలో 56 ఏళ్ళ రిమాండ్ ఖైదీ ఒకాయన వచ్చారు. గట్టు తగాదా కేసు. పన్నెండేళ్ళుగా షుగర్. చెప్పు తెగిపోతే మధ్యాహ్నం పూట ఉత్తకాళ్ళతో బండల మీద ములాఖత్‌కు నడిచి వెళ్ళారు, అరికాలు బొబ్బలెక్కింది, కాళ్ళల్లో స్పర్శ లేదు కాబట్టి ఆయనకు తెలియనే లేదు. మొదట డ్రెస్సింగ్ చేసి మాత్రలిచ్చారు. అయిదో రోజు ఎరుపు చీలమండ దాకా పాకింది, వాసన మొదలైంది. పెద్దాసుపత్రికి పంపమని రాశారు. ఎస్కార్ట్ (ఖైదీకి తోడు వెళ్ళే పోలీసులు) లేదు, ఏఆర్ (ఆర్మ్‌డ్ రిజర్వ్) పోలీసులంతా బందోబస్తుకు పోయారన్నారు. ఏడో రోజు మళ్ళీ రాశారు. ఒక అధికారి వచ్చి "ఇక్కడే చూడండి మేడం, డ్రెస్సింగే గదా" అన్నారు. అదే వారంలో పలుకుబడి ఉన్న ఇంకొక ఖైదీకి ఛాతీలో నొప్పి అంటే, ఈసీజీ బాగానే ఉన్నా, రెండు గంటల్లో ఎస్కార్ట్ దొరికింది. ఆ తర్వాత ఈమె బాబాయి కూతురి పెళ్ళికి రెండు రోజులు సెలవు మీద వెళ్ళారు. తిరిగొచ్చేసరికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి, ఒళ్ళు కాలిపోతోంది. మూడోసారి రాసి, అధికారి గది ముందే నిలబడి ఆ రాత్రికి పంపించారు. మోకాలి కింద దాకా కాలు తీసేశారు.

ఆయన భార్య గేటు దగ్గర ఈమెను పట్టుకుని "మూడుసార్లు రాస్తినంటావే, నువ్వు గట్టిగా అనింటే పంపించేటోళ్ళు గదమ్మా" అని ఏడ్చిందట. ఇప్పుడా భార్య లాయరును కలిసింది. దాంతో అదే అధికారి వచ్చి, మొదట రెఫర్ చేసిన తేదీ కింద "రోగి ఆసుపత్రికి రానన్నాడు, నచ్చజెప్పినా వినలేదు" అని రాయండి, వేలిముద్ర మేము వేయిస్తాం అంటున్నారు.

ఇంట్లో ఇంకో బాధ. చాలా ఏళ్ళ కిందట ఊరి కక్షల్లో ఈమె చిన్నాన్నను చంపేశారు. "మీ చిన్నాన్నను చంపినోళ్ళూ ఇట్లాంటి జైల్లోనే తిని పండుకున్నారు. వాళ్ళకు సేవ చేసి ఇప్పుడు నువ్వు ఏడుస్తాండావా?" అని నాన్న. డిప్యుటేషన్ క్యాన్సిల్ చేయించుకుని బెంగళూరు వచ్చేయమని భర్త. ఆమె అడిగేవి మూడు. ఆ నోటు రాయాలా? ఆ కాలు పోవడంలో నా తప్పెంత? ఉండాలా, వచ్చేయాలా?

అమ్మా,

ముందు నోటు సంగతి మాట్లాడుకుందాం, ఎందుకంటే మిగతా రెండూ నెమ్మదిగా ఆలోచించుకోవచ్చు, ఇది మాత్రం రేపు పొద్దున్నే మీ టేబుల్ మీదకు రావచ్చు.

మిమ్మల్ని అడిగిన అధికారి దుర్మార్గుడని నేననుకోవడం లేదు. ఎస్కార్ట్ ఆయన చేతిలో ఉండదు, వేరే శాఖను అడుక్కోవాలి, అక్కడ ఉన్న పదిమందినీ కోర్టు వాయిదాలకే పంచుతారు, ఆసుపత్రి వంతు చివర్న వస్తుంది. ఆయనకూ పెన్షన్ ఉంది, పిల్లలున్నారు, భయముంది. ఆయన మీద జాలిపడండి, అందులో తప్పులేదు. కానీ ఆయన అడుగుతున్నది మీ చేతిరాతతో ఒక అబద్ధం.

రాస్తే ఏమవుతుందో చూద్దాం. ఒక నెల రెండు నెలలు అందరూ మీతో బాగుంటారు. ఆ తర్వాత ఆ భార్య లాయరు హైకోర్టులో రిట్ వేశాడనుకోండి, రికార్డులు తెప్పిస్తారు. ఎస్కార్ట్ కావాలని జైలు నుంచి పోయిన ప్రతి కాగితానికీ ఇక్కడ ఒక నంబరు, ఏఆర్ ఆఫీసులో ఒక నంబరు పడి ఉంటాయి. రోగి రానని మొండికేస్తే అదే రోజు ఎస్కార్ట్ ఎందుకడిగారు, రెండు రోజులాగి మళ్ళీ ఎందుకడిగారు అని ఏ లాయరైనా అడుగుతాడు. అప్పుడు ఆ నోటు కింద ఉండే సంతకం మీదొక్కరిదే. "రాయండి" అని నోటితో చెప్పినాయన ఆ కాగితంలో ఎక్కడా ఉండరు. ప్రభుత్వ ఉద్యోగి తెలిసి తెలిసి తప్పుడు రికార్డు తయారుచేయడం నేరం. మెడికల్ కౌన్సిల్ 2002 నాటి నియమావళి ప్రకారం తప్పుడు సర్టిఫికెట్ మీద సంతకం పెట్టడం వృత్తిపరమైన దుష్ప్రవర్తన. ఇంక ఆ వేలిముద్ర. కాలు పోయి, కట్టుతో మంచం మీద పడి ఉన్న మనిషి బొటనవేలు పట్టుకుని ఇంకులో ముంచడం మీరు ఊహించుకోగలరా? నాకు చేతకాలేదు, ఈ వాక్యం దగ్గర కాసేపు ఆగిపోయాను.

మీకు జరిగేదానికంటే పెద్దది ఆయనకు జరుగుతుంది. మన పక్కనే జరిగిన కేసు ఒకటి చెబుతాను. 1977 మే నెలలో కర్నూలు జిల్లా కోయిలకుంట్ల సబ్ జైల్లో (ఇప్పుడది నంద్యాల జిల్లాలో ఉంది) ఒక తండ్రీ కొడుకూ రిమాండ్‌లో ఉన్నారు. ప్రాణహాని ఉందని ముందే మొరపెట్టుకున్నారు. అయినా ఒక రాత్రి బయటివాళ్ళు లోపలికొచ్చి వాళ్ళున్న సెల్ మీద బాంబులు వేశారు. తండ్రి చనిపోయాడు, కొడుకు గాయాలతో బతికాడు. పరిహారం అడిగితే, అది ప్రభుత్వ సార్వభౌమాధికారంలోని పని, మాకు బాధ్యత లేదు అన్నది ప్రభుత్వ వాదన. చల్లా రామకృష్ణారెడ్డి కేసు అంటారు, 2000లో సుప్రీంకోర్టు ఆ వాదనను కొట్టేసింది. ఖైదీ అయినంత మాత్రాన మనిషి మనిషి కాకుండా పోడని, వాడి ప్రాణానికి సర్కారు జవాబుదారీ అని తేల్చింది. 23 ఏళ్ళు పట్టింది, నిజమే. కానీ ఆ దావా నిలబడటానికి కారణం, మాకు భయముంది అని ముందే చెప్పుకున్న సంగతి రుజువు కావడం. మీ పేషెంటు ముందుగా చెప్పుకున్న మాటలు మీరు రాసిన ఆ మూడు తేదీలే. ఆయనకు ఇంకో రుజువు లేదు. మొదటి తేదీ కింద ఆ వాక్యం రాశారంటే ఆయనకు కాలుతో పాటు కేసు కూడా పోతుంది.

కాబట్టి రాయొద్దనే నా అభిప్రాయం, ఇందులో నాకు రెండో మాట లేదు. ఎలా రాయకుండా ఉండాలి అన్న దాంట్లో మాత్రం మీకు రెండు మూడు దారులున్నాయి, వేటి కష్టం వాటికుంది.

మెత్తటి దారి: "ఆ రోజుల్లో రాయాల్సింది ఆ రోజే రాశాను సార్, ఇప్పుడు కలపడానికి నా దగ్గర ఏమీ లేదు" అని నోటితో చెప్పి ఊరుకోవడం. గొడవ తక్కువ. కానీ రెండోసారి అడుగుతారు, మూడోసారి ఇంకొకరితో అడిగిస్తారు, మీరు సెలవులో ఉన్నప్పుడు పుస్తకమే మారిపోవచ్చు. అందుకే ఈ దారి పట్టినా, ఆ మూడు తేదీల్లో మీరు ఏమి చూశారు, ఏమి రాశారు, ఎవరు ఏమన్నారు అన్నది ఈరోజు తేదీ వేసి, ఈరోజే రాస్తున్నానని స్పష్టంగా చెప్పి, ఒక వివరణగా రాసి ఆఫీసులో ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. తర్వాత గుర్తొచ్చింది రాయడం తప్పు కాదు, తేదీ వెనక్కి జరపడమే తప్పు.

ఇంకో దారి, మీ మాతృశాఖలో పై అధికారికి కూడా అదే వివరణ ఒక ప్రతి పంపడం. మీరు జైలు శాఖ మనిషి కాదమ్మా, డిప్యుటేషన్ మీద వెళ్ళిన డాక్టరు, ఈ సంగతి అక్కడ అందరూ మర్చిపోతారు, మీరు కూడా మర్చిపోయినట్టున్నారు. ఇలా పంపితే మీకు వెనక ఒకరున్నారని తెలుస్తుంది. దానికి మూల్యం కూడా ఉంటుంది: టీ ఇచ్చే మనిషి టీ ఇవ్వడు, బ్యారక్‌లోకి తోడు రావాల్సిన వార్డర్ ఆలస్యంగా వస్తాడు, ఏదో ఒక సాకుతో మెమో రావచ్చు. ఇవి చిన్నవని నేననను. రోజూ గేటు దాటి లోపలికి పోయే ఆడపిల్లకు తోటి సిబ్బంది సహకారం లేకపోవడం చిన్న సంగతి కాదు.

మూడోది జిల్లా న్యాయసేవాధికార సంస్థకో, మానవ హక్కుల కమిషన్‌కో నేరుగా చెప్పడం. ఇక్కడ ఒక్క నిమిషం ఆగండి. ఆ కాలు మీది కాదు. ఫిర్యాదు చేయాలా వద్దా అన్నది ఆయన నిర్ణయం. కస్టడీలో ఉన్న మనిషికి ఎవరికైనా ఉచితంగా లాయరును ఇవ్వాలని చట్టముంది, న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100కి ఫోన్ చేస్తే చాలని ఆయన భార్యకు ఎవరైనా చెప్పొచ్చు, మీరైనా. రోగి గానీ అతను ఒప్పుకున్న మనిషి గానీ అడిగితే వైద్య రికార్డు ప్రతులు 72 గంటల్లో ఇవ్వాలని నేను పైన చెప్పిన 2002 నియమావళిలోనే ఉంది. ఆయన్ను అడగమనండి. అడిగినప్పుడు ఇప్పించండి. మీరు ఎవరి మీదా ఫిర్యాదు చేయకుండానే ఆయన చేతికి కావాల్సింది చేరుతుంది. చాలాసార్లు నాకు ఇదే అన్నింటికంటే నిజాయితీ అయిన దారి అనిపిస్తుంది, అయితే మీ ఆఫీసులో దీన్నీ ద్రోహమనే అంటారు, అందుకు సిద్ధపడి వెళ్ళండి.

ఇప్పుడు మీ తప్పెంత అన్న ప్రశ్న. మీకు ఏ తప్పూ లేదమ్మా అని రాసి పంపడం నాకు తేలిక, మీకు ఆ ఒక్క రాత్రికి నిద్ర కూడా పట్టొచ్చు. కానీ మీరు డాక్టరు, ఆ మాట నమ్మరు.

పెళ్ళికి వెళ్ళడం తప్పు కాదు. ఉత్తరంలో ఆ రెండు రోజుల గురించి మీరు నాలుగుచోట్ల రాశారు, వరసగా. వందల మందికి ఒక్క డాక్టరును పెట్టి, ఆ డాక్టరు సెలవు పెడితే ఇంకొకర్ని వేయకపోవడం మీరు చేసిన ఏర్పాటు కాదు. ఎస్కార్ట్ రాకపోవడం మీ తప్పు కాదు. పలుకుబడి ఉన్నాయనకు దొరికిన ఎస్కార్ట్ ఈయనకు దొరకకపోవడం, చూశారా, అది చదివినప్పుడు నాకూ ఒళ్ళు మండింది, కానీ అదీ మీ తప్పు కాదు.

ఒకటి మాత్రం ఉంది. మొదటి రెండుసార్లు మీరు ఏమి రాశారో ఉత్తరంలో ఉన్నదున్నట్టు పెట్టారు: "కైండ్లీ సెండ్ ఫర్ సర్జికల్ ఒపీనియన్." మనకు మెడికల్ కాలేజీలో నేర్పిన మర్యాద అది. ఇంకో డాక్టరు చదివితే అర్థం చేసుకుంటాడు. ఎస్కార్ట్ కాగితం పట్టుకున్న హెడ్ వార్డర్‌కు ఆ వాక్యంలో తొందర ఎక్కడ కనిపిస్తుంది? "వీలుంటే పంపండి" అని చదువుకుంటాడు. వాసన వస్తూ, ఎరుపు పైకి పాకుతున్న షుగర్ కాలు అంటే అది గంటల్లో లెక్కపెట్టాల్సిన జబ్బని మీకు తెలుసు, వాళ్ళకు తెలియదు. "ఈరోజు సాయంత్రంలోపు సర్జన్ చూడకపోతే కాలు పోవచ్చు, ప్రాణమూ పోవచ్చు" అని రాసి ఉంటే పంపేవాళ్ళా? చెప్పలేను. పంపకుండా ఉండటం మాత్రం ఇంకొంచెం కష్టమయ్యేది. మీ వంతు అంత. అంతకంటే ఎక్కువ మోయొద్దు, తక్కువా చేసుకోవద్దు.

నేనీ మాట పైన కూర్చుని చెప్పడం లేదు. చాలా ఏళ్ళ కిందట అనంతపురం జిల్లాలో ఒక చిన్న ఊరి ఆసుపత్రిలో పనిచేస్తూ వారానికి రెండుసార్లు సబ్ జైలుకు వెళ్ళేదాన్ని. ఏదో చిన్న కేసులో తెచ్చిన మనిషి, రోజూ తాగేవాడు. మూడో రోజు రాత్రి ఫోన్ వచ్చింది, గోడమీద చీమలు పాకుతున్నాయంటున్నాడు, వణుకుతున్నాడు, నాటకాలాడుతున్నాడు మేడం అని. నిద్ర మాత్ర ఇవ్వండి, పొద్దున చూస్తానన్నాను. మందు ఒక్కసారిగా ఆగిపోయిన రెండు మూడు రోజులకు వచ్చే మతిభ్రమ అది, ఫిట్స్ రావచ్చు, ప్రాణం పోతుంది, పరీక్షలో దాని మీద పేజీలకు పేజీలు రాసి మార్కులు తెచ్చుకున్నదాన్ని. తెల్లారేసరికి ఫిట్స్ వచ్చి చనిపోయాడు. మెజిస్ట్రేట్ విచారణకు వచ్చారు. రాత్రి మీకు ఫోన్ వచ్చిందా అని ఎవరూ అడగలేదు. నేను చెప్పలేదు. అబద్ధం రాయలేదు, నిజం రాయకుండా వదిలేశాను. ఆ మనిషికి ఒక చెల్లెలుండేది, విచారణ రోజు ఆసుపత్రి వరండాలో కూర్చుని ఉంది, ఆమె పక్కనుంచే నడిచి వెళ్ళాను. ఇన్నేళ్ళయినా ఆ వరండా నాకు కల్లోకి వస్తుంది. మీ ముందున్న ఆ నోటు చూసి నాకింత గాబరా ఎందుకో ఇప్పుడు మీకు అర్థమై ఉంటుంది.

ఉన్నన్నాళ్ళు ఎలా పనిచేయాలన్నది చెబుతాను. 1894 నాటి జైళ్ల చట్టం ఒకసారి తెరిచి 37, 38 సెక్షన్లు చదవండి. బ్రిటిష్ వాళ్ళు రాసిందే, కానీ డాక్టరుకు అందులో పెద్ద బలముంది. మందులు, డాక్టరు స్వయంగా చేయించేవి తప్ప మెడికల్ ఆఫీసరు ఇచ్చిన ప్రతి ఆదేశాన్నీ ఖైదీ హిస్టరీ టికెట్‌లోనో (ఒక్కో ఖైదీకీ విడిగా ఉండే రికార్డు), అలాంటి రికార్డులోనో ఏ రోజుకారోజు ఎక్కించాలి. ఆ ఆదేశాన్ని పాటించారా లేదా అన్నది జైలరు తేదీతో సహా రాయాలి. అంటే "ఎస్కార్ట్ లేదు" అని మీతో నోటితో చెబితే సరిపోదు, ఆ మాట రాయాల్సిన బాధ్యత వాళ్ళదే. మీరు రెఫర్ చేసిన ప్రతిసారీ టికెట్ మీదే రాయండి, ఎన్ని గంటల్లో పంపాలో రాయండి, పంపకపోతే ఏమవుతుందో తెలుగులోనే ఒక వాక్యం రాయండి. కింద వాళ్ళ జవాబుకు చోటు వదిలి, నాకు జవాబు కావాలని మర్యాదగా అడగండి. మొదటి వారం చిరాకు పడతారు. తర్వాత ఆ ఖాళీ చోటే వాళ్ళను పరుగెత్తిస్తుంది, ఎందుకంటే "పంపలేదు" అని సొంత చేత్తో రాసి సంతకం పెట్టడానికి ఎవరికీ చెయ్యి రాదు.

"ఇక్కడే చూడండి మేడం" అన్నారు కదా. 2015లో ఐక్యరాజ్య సమితి ఒప్పుకున్న, ఖైదీలను ఎలా చూడాలో చెప్పే నెల్సన్ మండేలా నియమాల్లో 27వది ఇలాంటి మాట గురించే. వైద్యం నిర్ణయం వైద్యులదే, దాన్ని జైలు సిబ్బంది కొట్టేయకూడదు, పక్కన పెట్టకూడదు. బయట మనుషులకు దొరికే వైద్యమే లోపలివాళ్ళకూ అందాలని 24వది చెబుతుంది. ఎవరి మొహం మీదా ఇవి చదివి వినిపించమని నేననను, కొట్లాటకు దిగినట్టవుతుంది. వివరణ రాసేటప్పుడు మాత్రం ఒక వాక్యంగా పెట్టండి.

పలుకుబడి ఉన్నాయన సంగతికి వస్తే, ఇదే కలం ఆయన దగ్గరా ఇలాగే నడవాలి. ఈసీజీ బాగుంటే బాగుందనే రాయాలి. అక్కడ మెత్తబడి ఇక్కడ గట్టిగా ఉంటానంటే మీ మాటను ఎవరూ లెక్కచేయరు, అది మీకు తెలుసు కాబట్టే ఆ సంగతి ఉత్తరంలో రాశారనుకుంటా.

ఇంకో పని, ఇది చాలామంది జైలు డాక్టర్లు చేయరు. మన దేశంలో జైళ్ళలో ఉన్నవాళ్ళలో దాదాపు నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే. జిల్లా జడ్జి గారి అధ్యక్షతన మూణ్ణెల్లకోసారి కూర్చునే అండర్ ట్రయల్ రివ్యూ కమిటీ ఒకటుంది. జబ్బుతో ఉండి ప్రత్యేక వైద్యం అవసరమైన విచారణ ఖైదీల సంగతి చూడటం కూడా దాని పనే. రోగం వల్ల బెయిలు ఇవ్వొచ్చని పాత క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ (సీఆర్‌పీసీ)లోనూ ఉంది, దాని చోట వచ్చిన ఇప్పటి బీఎన్‌ఎస్‌ఎస్ 480వ సెక్షన్‌లోనూ ఉంది. కానీ ఎవరికి జబ్బుందో ఆ కమిటీకి ఎవరు చెప్పాలి? గుండె, కిడ్నీ, క్యాన్సర్, పుండు పడ్డ షుగర్ కాలు, ఇలాంటివాళ్ళ జాబితా, వాళ్ళ ఒప్పుదలతో, న్యాయసేవాధికార సంస్థ కార్యదర్శికి చేరేలా చూడండి. బెయిలు ఇవ్వండి అని మీరు రాయకూడదు, మీ పని కాదు. ఉన్న జబ్బు, కావాల్సిన వైద్యం, అది లోపల దొరుకుతుందా లేదా, ఈ మూడే రాయండి.

లోపలి వైద్యం బయటి వైద్యంలా ఉండదన్నది కూడా గుర్తుంచుకోవాలి. సాయంత్రం అయిదు దాటగానే అన్నం పెట్టేసి లాకప్ చేస్తారు కదా, మనం అలవాటుగా "రాత్రి భోజనానికి ముందు" అని ఇన్సులిన్ రాసేస్తాం, సూది ఎనిమిదింటికి పడితే తెల్లవారుజామున షుగర్ పడిపోయి చెమటలు పట్టి పడిపోతాడు, తాళం వేసిన బ్యారక్‌లో పక్కవాడు లేచి అరిస్తే తప్ప ఎవరికీ తెలియదు. మీ షుగర్ పేషెంట్లందరి సూది టైములూ ఈ వారమే సరిచూడండి. కొత్తగా వచ్చిన ప్రతి మనిషినీ రోజూ తాగుతావా, చివరిసారి ఎప్పుడు తాగావు అని అడగండి, నా కథ విన్నారు కదా. షుగర్ ఉన్నవాళ్ళ కాళ్ళు చూడండి, చెప్పులున్నాయా చూడండి. మన ఎండల్లో మధ్యాహ్నం బండ ఎలా కాలుతుందో మీకు నేను చెప్పాలా? జబ్బు కాళ్ళకు ఎంసీఆర్ చెప్పులు (మెత్తటి రబ్బరు అట్టవి) కావాలని టికెట్ మీద మందు రాసినట్టే రాయండి.

మీ నాన్న గారి మాట. దీని గురించి రాయడానికి నాకు కొంచెం భయంగా ఉంది, ఎందుకంటే తమ్ముణ్ణి పోగొట్టుకున్న మనిషికి నేను నీతులు చెప్పలేను, మీరు కూడా చెప్పొద్దు. 1989లో సుప్రీంకోర్టు నేరస్థుడైనా నిర్దోషి అయినా డాక్టరు ముందు ప్రాణం చూడాలంది అని ఆయనకు చెబితే, ఆ కోర్టే మా తమ్ముడికి ఏమి చేసింది అంటారు. నిజమే కదా. ఆయనతో వాదన గెలవాల్సిన అవసరం మీకు లేదు. ఎప్పుడైనా ఆయన మెత్తగా ఉన్నప్పుడు, కాలు పోయిన మనిషి గట్టు కేసులో వచ్చిన రైతని, ఇంకా నేరం రుజువు కాలేదని, ఆయనలాగే పొలం మనిషని చెప్పి చూడండి. నిజంగా హత్య చేసి శిక్ష పడినవాడి విషయంలో కూడా జడ్జి తీర్పులో ఇన్నేళ్ళు జైలు అని ఉంటుంది, మందులు ఆపేయమని గానీ కాలు కుళ్ళనివ్వమని గానీ ఉండదు. ఆయన ఒప్పుకోకపోవచ్చు. ఒప్పుకోకపోయినా మీకు అన్నం పెడతారు, తండ్రి కదా.

ఒక మాట మాత్రం మీలో మీరే తేల్చుకోవాలి. ఏదో ఒకరోజు మీ చిన్నాన్న కేసు మనిషే మీ ఓపీ వరసలో నిలబడితే? ప్రాణం మీదకొచ్చిన పరిస్థితి అయితే చూసి తీరాలి. కాకపోతే, ఈయన్ను ఇంకో డాక్టరు చూస్తే మంచిదని కారణం చెప్పి పక్కకు తప్పుకోవచ్చు, అది పిరికితనం కాదు. చూడగలననుకుంటే చూడండి, కానీ మీకు మీరు పరీక్ష పెట్టుకోవడానికి చూడొద్దు, ఆ పరీక్ష బరువు పేషెంటు మీద పడుతుంది. మామూలు రోజుల్లో మాత్రం నాడి పట్టుకునే ముందు ఏ సెక్షన్ కింద వచ్చాడని అడగకపోవడమే మేలు. తెలిస్తే చెయ్యి బిగుసుకుంటుంది, మనకు తెలియకుండానే.

ఉండాలా, వచ్చేయాలా అన్నదానికి నేను తీర్పు చెప్పను. వచ్చేస్తే తప్పు చేసినట్టు కాదు. మీ ఒంట్లో ఓపిక, ఇంట్లో పరిస్థితి మీకే తెలుసు, బెంగళూరులో ఉన్నాయనకు కూడా పెళ్ళాం పక్కన ఉండాలని ఉంటుంది. కానీ ఈ నోటు గొడవ తేలకముందే వెళ్ళిపోతే, మీరు లేని చోట ఆ పుస్తకంలో ఎవరు ఏమి రాస్తారో చెప్పలేం, దోషం కూడా వెళ్ళిపోయిన మనిషి మీదకే తోస్తారు. కాబట్టి వెళ్ళేటట్టయినా వివరణ ఇచ్చి, ముద్ర వేయించుకుని, ప్రతి దగ్గర పెట్టుకుని వెళ్ళండి. ఉండేటట్టయితే గడువు పెట్టుకుని ఉండండి, ఆరు నెలలనుకోండి, హిస్టరీ టికెట్ మీద జవాబులు రావడం మొదలైతే కొనసాగండి, రాకపోతే సెలవు పెట్టి వచ్చేయండి. మీరు లేకపోతే వాళ్ళకు దిక్కెవరు అన్న ఆలోచనతో మాత్రం ఉండిపోవద్దు. అది ప్రేమలా అనిపిస్తుంది గానీ ఏడాది తిరిగేసరికి కోపంగా మారుతుంది, నేను చూశాను.

నెల రోజులుగా నిద్ర లేదని, ఓపీలో చేతులు వణుకుతున్నాయని రాశారు. మీ పేషెంటు ఎవరైనా ఇలా చెబితే మీరేం చేసేవారో అదే మీకూ చేయండి. తెలిసిన సైకియాట్రిస్టు దగ్గరకు వెళ్ళడానికి మొహమాటమైతే 14416, టెలి మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, రాత్రి పూటైనా తెలుగులో మాట్లాడతారు.

చివరగా ఆయన దగ్గరికి వెళ్ళండి. మీరు తప్పించుకు తిరుగుతున్నట్టు నాకు ఉత్తరంలో అనిపించింది, "డ్రెస్సింగ్ మేల్ నర్సు చూస్తున్నాడు" అని రాశారు. వెళ్ళి కూర్చోండి. మూడుసార్లు రాశాను, మొదటి రెండుసార్లు ఇంకా గట్టిగా రాసి ఉండాల్సింది అని ఆయనతో చెప్పండి. తిట్టొచ్చు, ఏమీ అనకపోవచ్చు. ఆ తర్వాత పని మొదలుపెట్టండి. సదరం (వైకల్య) సర్టిఫికెట్‌కు కాగితాలు సిద్ధం చేయించండి, పెట్టుడు కాలుకు కొలతలు ఎప్పుడు తీసుకోవచ్చో సర్జన్‌ను అడగండి, ఇంట్లో ఎవరికి ఏమి అందుతుందో భార్యకు చెప్పమని న్యాయసేవల వాళ్ళకు చెప్పండి. అన్నింటికంటే ముందు రెండో కాలు. ఇప్పుడు ఒళ్ళంతటి బరువూ దాని మీదే పడుతుంది, దానికీ స్పర్శ లేదు. రేపే బూటు, కట్టు అన్నీ విప్పించి వేళ్ళ సందులు చూడండి, మడమ పగుళ్ళు చూడండి, నాడి అందుతోందో లేదో చూసి టికెట్ మీద రాయండి.

నెల తర్వాత ఇదే చిరునామాకు మళ్ళీ రాయండి, పేరు అక్కర్లేదు. ఆ రెండో కాలు ఎలా ఉందో చెప్పండి.